దిగుడుబావి నీళ్లు, పాప కాలు

మా జీతగాడి కాలికి నారికురుపు లేచింది 1955 ఏప్రిల్‌లో, శ్రీరామనవమి పందిళ్లు విప్పేసిన తర్వాత. మా పాపకు అప్పటికి ఐదు నిండి ఆరు నడుస్తున్నాయి. ఈ రెండు సంగతులకూ ఆ రోజు ఏ సంబంధమూ లేదు. ఏడాది తర్వాత రెండూ ఒకటే అయ్యాయి కాబట్టి పక్కపక్కన రాస్తున్నాను.

మొదట అతని చీలమండ పక్కన చిన్న బొబ్బ లేచింది. నిప్పుకణిక పెట్టినట్టు మంటగా ఉందని నిలవలేకపోయాడు. బొబ్బ చితికాక అందులోంచి తెల్లగా, తడిసిన దారం కొస లాంటిది బయటికి వేలాడింది. అది దారం కాదు, పురుగు. మూర దాటి పొడవుంటుందని, కాలి లోపల చుట్టుకొని ఉంటుందని మా వైపు అందరికీ తెలుసు. దాని కొసను చీపురుపుల్లకు చుట్టి, రోజుకింత మెల్లగా లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే లోపలి ముక్క చీము పట్టి, కాలు మోకాలిదాకా వాస్తుంది. అట్లా కాలు వంకరపోయి మిగిలినవాళ్లు మా ఊళ్లోనే ఇద్దరు ఉండేవాళ్లు.

మా ఊరు ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. నల్లరేగడి నేల. ఊళ్లో బావులన్నీ ఉప్పునీళ్లే. ఆ నీళ్లలో కందిపప్పు ఎంత మంట పెట్టినా ఉడకదు. మా అత్త వాళ్ల మామ తవ్వించిన దిగుడుబావి ఒక్కటే మంచినీళ్లది. అది మా సొంతం. అయినా సగం ఊరు ఆ నీళ్లే తీసుకుపోయేది. నాపరాళ్ల మెట్లు ఒక పక్క నుంచి అడుగుదాకా దిగుతాయి. ఎండాకాలంలో నీళ్లు అడుగంటితే, చివరి మెట్ల మీద పిక్కల లోతు నీళ్లలో నిలబడి, పైన తేలే నాచును అరచేత్తో అవతలికి తోసి బిందె ముంచేవాళ్లం.

ఆ నీళ్ల విషయంలో మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్లకు ఇచ్చే నీళ్లు తెల్లగుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి ఇచ్చేవాళ్లం. ఇంట్లోవాళ్లు తాగేవి మాత్రం బిందెలోంచి నేరుగా బానలో పోసినవే. వడకట్టేది మర్యాద కోసం. కరణం గానీ కొత్త అల్లుడు గానీ చెంబు ఎత్తితే అడుగున నలుసు కనిపించకూడదు. ఇంట్లోవాళ్లకు ఏం మర్యాద?

జీతగాడు మంటకు ఓర్వలేక దొడ్లో కూర్చుని ఏడుస్తుంటే మా అత్తకు జాలేసింది. ఆమె నోరు గట్టిది గానీ మనసు గట్టిది కాదు.

“రేయ్, ఈడ కూచోని ఏడిస్తే ఏమొస్తాదిరా? బాయి కాడికి పో. అడుగు మెట్టు మీద కూచోని కాలు నీళ్లల్లో పెట్టుకో. సల్లగుంటాది. పురుగూ బేగి దిగుతాది.”

“నీళ్లు తాగే బాయి గదమ్మా.”

“తాగే బాయి అయితే? నీ కాలు ఏమన్నా నీళ్లు తాగుతాదా? పో.”

అతను పోయాడు. నిజంగానే మంట తగ్గింది. నిజంగానే పురుగు నీళ్లలో ఎక్కువ బయటికి వచ్చింది. అట్లా కొన్ని రోజులు, ఎండ దిగేదాకా, అతను ఆ మెట్టు మీదే కూర్చునేవాడు. మా అత్త మజ్జిగన్నం అక్కడికే పంపేది. పైమెట్ల మీద ఆడవాళ్లు బిందెలు ముంచుకుంటూ అతన్ని ఎగతాళి చేసేవాళ్లు, “ఏమప్పా, పెండ్లికొడుకు మాదిరి పీట దిగకుండా కూచున్నావే” అని. నేను కూడా నవ్వాను. అందులో తప్పు ఉందని మా ఊళ్లో ఎవరికీ తోచలేదు, ఎవరూ చెప్పలేదు.

మే నెలలో పాపను తీసుకొని నంద్యాలలో మా పుట్టింటికి పోయాను. అక్కడ పాపకు చెవిపోటు వచ్చింది. మా వీధి చివర ఒక డాక్టరమ్మ తన ఇంటి ముందు రెండు గదుల్లో వైద్యం చేసేది. క్రైస్తవుల ఇల్లు. తెల్లచీర, వెండి గడియారం, ఎవరినైనా ఒకే గొంతుతో అడిగే పద్ధతి. చెవిలో మందు వేసి, ఏ ఊరని అడిగింది. చెప్పాను.

“ఆ పక్క నుంచి ఈ నెలలో ఇద్దరు నారికురుపుతో వచ్చినారు. మీ ఊళ్లో ఉందా?”

మా జీతగాడికి వచ్చిందని, ఇప్పుడు తగ్గుముఖం పట్టిందని, రోజూ కాలు నీళ్లలో పెట్టుకోవడంతో మేలు జరిగిందని చెప్పాను. మంచి చిట్కా చెబుతున్నాననే అనుకున్నాను. ఆమె కలం ఆపింది.

“ఏ నీళ్లల్లో?”

“మా బావిలో.”

“తాగే బావేనా?”

“అవును.”

ఆమె కుర్చీ నా వైపు తిప్పి కూర్చుంది. ఆ పురుగు నీళ్లు తగలగానే తన పిల్లలను నీళ్లలో వదులుతుందంట. కంటికి కనపడనంత సన్నపు పిల్లలు. వాటిని నీళ్లలో తిరిగే నలుసంత పురుగులు మింగుతాయంట. ఆ నలుసులున్న నీళ్లు మనం తాగితే, లోపలి పిల్ల మన ఒంట్లో పెరిగి పెద్దదై, కాలిలోకి దిగి, బొబ్బగా లేస్తుందంట.

“ఎన్నాళ్లకు?” అన్నాను.

“ఇంచుమించు ఏడాది.”

“ఏడాదిదాకా తెలీదా?”

“తెలీదు.”

“ముందే చూసే దారి లేదా? మందు?”

“లేదమ్మా. ఒంట్లో ఉండేదాన్ని చూడలేము. నీళ్లను చూడొచ్చు.”

పాప నా ఒళ్లో కూర్చుని ఆమె గడియారం గొలుసును వేలితో తాకుతూ ఉంది. నంద్యాలకు వచ్చేదాకా అది కూడా ఆ బావి దగ్గరే ఆడింది. దోసిళ్లతో నీళ్లు తాగింది. ఎన్నిసార్లో ఎవరు చూశారు?

డాక్టరమ్మ ఉడకబెట్టిన సీసా ఒకటి, బిరడా పెట్టి ఇచ్చింది. బిందెలు ముంచే చోటే ముంచి నింపుకొని రావాలి, నీళ్లు ఎట్లుంటే అట్లా తేవాలి అంది. మా ఆయన ఆ ఆదివారం మమ్మల్ని చూడడానికి నంద్యాల వచ్చాడు. సీసా ఇచ్చి, ఆమె చెప్పిన మాటలు అట్లనే చెప్పాను. ఆయన తలూపి ఆళ్లగడ్డ బస్సు ఎక్కాడు.

సీసా తిరిగి వచ్చేదాకా నాకు అన్నం దిగలేదు. మా అమ్మ ఇచ్చే నీళ్లు చూసినా అందులో ఏదో కదిలినట్టు ఉండేది. నాలుగో రోజు మా ఆయన వచ్చాడు. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. డాక్టరమ్మ సీసాను వెలుతురుకు పట్టి, “మా ఇంటి కుళాయి నీళ్లు ఇంత బాగుంటే ఎంత బాగుండు” అని నవ్వింది. మరునాడు రమ్మంది. పోయాము. చుక్క తర్వాత చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూశానని, ఏమీ దొరకలేదని చెప్పింది.

“ఈ సీసాలో ఏమీ లేదు. ఈ సీసాలో మటుకు.”

ఆ చివరి మాట నేను విన్నాను. మా ఆయన వినలేదు. బయటికి వచ్చి పాపను భుజం మీదికి ఎత్తుకొని, “మీ బాయి గెలిచింది పాపా” అన్నాడు. దాని నవ్వు చూసి నేను కూడా ఆ మాటను పక్కన పెట్టాను. జూన్ మొదట్లో ఊరికి తిరిగి వచ్చాం.

మా అత్త ఆ సంగతి ఊరంతా చాటింది. నీళ్లకు వచ్చిన ప్రతి మనిషినీ ఆపి చెప్పేది. “నంద్యాల డాక్టరమ్మ అద్దం పెట్టి చూసిందంట. పురుగూ లేదు, పుట్రా లేదు. మా బాయి నీళ్లు వాళ్ల కుళాయి నీళ్లకంటే మేలంట.” ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. బావిలో నీళ్లు అడుగునే ఉన్నాయి. పొద్దున్నే మా అత్త మెట్లు దిగి, ముఖం కడుక్కొని, సూర్యుడికి దండం పెట్టి, మూడు పుడిసిళ్లు నీళ్లు తాగేది. పాప ఆమె వెంటే దిగి, ఆమె చేసినట్టే చేసేది. దండం కూడా పెట్టేది. పైనుంచి చూసి మా ఆయన, “ఇద్దురు ముసలోళ్లు” అని నవ్వేవాడు. జూన్, జూలై అట్లనే గడిచాయి.

శ్రావణంలో ఒక శుక్రవారం కొత్తపల్లె నుంచి మా అత్త పెద్దమ్మ కూతురు వచ్చింది. నేను వసారాలో కత్తిపీట ముందేసుకొని వంకాయలు తరుగుతున్నాను. మా అత్త ఆమెకు చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఆమె తాగి, చెంబు కింద పెట్టి అడిగింది.

“ఏమక్కా, మీ బాయి నీళ్లు నంద్యాలకు పంపితిరంటనే? మా ఊళ్లో కూడా చెప్పుకుంటాండారు.”

“పంపితిమి. మావాడొచ్చి ఒక సీసా ఇచ్చి, నీళ్లు ముంచియ్యి మా అన్నాడు. నేను ముంచి చూస్తే లోపల నలుసులు నలుసులుగా ఉండాయి.”

“అట్లనే ఇచ్చినావా?”

“ఏం మే, నాకు తల లేదనుకున్నావా? నంద్యాలకు పొయ్యే నీళ్లు. డాక్టరమ్మ చూసే నీళ్లు. మా ఇంటి పేరు మీద పోతాండాయి. సీసాను చింతపండుతో తోమి, కొత్త పంచె చింపి నాలుగు మడతలేసి వడగట్టి, మళ్లా ఇంగోసారి వడగట్టి పంపిన. నలుసు కనపడితే ఎవురికి నామోషీ?”

వంకాయ ముక్క నా చేతిలోంచి జారి కింద పడింది. వీధిలో పాప గొంతు వినిపిస్తూ ఉంది. ఎవరితోనో గిల్లికజ్జా పెట్టుకుంటోంది. నాకు ఆ గొంతు తప్ప మరేమీ వినపడలేదు. కొత్తపల్లె ఆమె “ఏందీ మే, మొగం అట్లయిపాయ?” అని అడిగింది. ఎండదెబ్బ అని చెప్పాను. మబ్బు పట్టిన రోజు అది.

కింద పడిన ముక్క కడిగి, మళ్లీ తరగడం మొదలుపెట్టాను. మా అత్తను ఏమనాలి? తన ఇంటి గౌరవానికి ఏం చెయ్యాలో ఆమె అదే చేసింది. ఇంటికి వచ్చినవాళ్లకు చేసే మర్యాద డాక్టరమ్మకూ చేసింది. ఆమె వడకట్టి పారబోసిందే డాక్టరమ్మ చూడాలనుకున్నది. ఆ తెల్లగుడ్డ ఎక్కడ దులిపిందో, ఎవరు చూశారు!

మరునాడు పొద్దున ఆమె లేవకముందే గాజుగ్లాసు తీసుకొని మెట్లు దిగాను. నీళ్లు ముంచి సూర్యుడి వైపు పట్టాను. మొదట ఏమీ కనపడలేదు. కన్ను అలవాటు పడ్డాక కనపడ్డాయి. ఆవగింజలో పావు వంతు కూడా లేని తెల్లటి నలుసులు. దుమ్ము అయితే మెల్లగా కిందికి దిగుతుంది. ఇవి దిగడం లేదు. ఆగి, ఎగిరి, మళ్లీ ఆగుతున్నాయి. ఒక చోట ఆగినది ఉన్నట్టుండి పక్కకు గంతు వేస్తోంది. గ్లాసు అట్లనే పట్టుకొని మెట్లెక్కాను.

మా ఆయనకు చెప్పాను. ఆయన కూడా గ్లాసు వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత, “సీసా కడుగు” అన్నాడు. ఈసారి నేనే ముంచాను. ఇద్దరం నంద్యాల పోయాం. బస్సులో సీసా నా ఒళ్లో ఉంది. ఎవరైనా దాహమని అడుగుతారేమోనని కొంగుతో కప్పి పెట్టుకున్నాను.

డాక్టరమ్మ మొదటి చుక్కలోనే చూసింది. తర్వాత నన్ను పిలిచి, ఒక కన్ను మూసి చూడమంది. గుండ్రటి వెలుతురు. అందులో తోక రెండుగా చీలిన పురుగు, నెత్తిన ఒకే ఒక్క నల్లటి కన్ను. దాని పొట్ట గాజులాగా ఉంది. ఆ గాజు లోపల ఒక సన్నని గీత చుట్ట చుట్టుకొని ఉంది. చూస్తుండగా ఆ గీత కదిలింది.

“అదే” అంది డాక్టరమ్మ.

మొదటి సీసా కథ చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. మా మీదో, తన మీదో తెలియలేదు. “బుద్ధి ఉండాల నాకు. ఎండాకాలం దిగుడుబావి నీళ్లు అంత తేటగా ఎట్లుంటాయని అడగలేదు” అంది. తర్వాత మెత్తగా, “పాప తాగుతాందా?” అంది.

“ఏప్రిల్‌లో తాగింది. మళ్లా జూన్ నుంచి రోజూ.”

ఆమె వేళ్ల మీద లెక్క వేసింది. నేను కూడా లోపల అదే లెక్క వేస్తున్నాను. ఇద్దరం ఒకే చోటికి వచ్చాం. వచ్చే ఏడు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా.

“అందరికీ వస్తుందని లేదు. తాగిన ప్రతి నలుసులోనూ ఉండదు. ఉన్నదంతా బతకదు. కానీ...” అని ఆపింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పింది. ఇక మీదట అందరూ వడకట్టే తాగాలి. పురుగు లేచినవాళ్లు బావిలో దిగకూడదు. అన్నిటికంటే మేలు మెట్లు మూసేసి, గిలక పెట్టి చేదుకోవడం. దిగే దారి లేకుంటే కాలు పెట్టేవాళ్లే ఉండరు.

ఇంటికి వచ్చి అంతా చెప్పాం. మా అత్త వింటూ వింటూ తల దించుకుంది. ఆ రోజు నుంచే బాన మీద గుడ్డ కట్టింది. ఆ గుడ్డ ఇంట్లోవాళ్లందరి కోసం. నీళ్లకు వచ్చినవాళ్లకు కూడా వడకట్టుకోమని చెప్పింది. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. కానీ మెట్లు మూయడానికి ఒప్పుకోలేదు.

“మూస్తే ఊరు యాడికి పోవల్ల? గిలక ఒక్కటి. బిందెలు నూరు. కొట్టుకు సస్తారు. పత్తి తీసినాక చూద్దాం.”

అది కూడా కాదనడానికి లేదు. మా ఆయన సరే అన్నాడు. పత్తి తీసినాక జొన్న కోత అన్నారు. ఆ తర్వాత ఏదో ఒకటి. నేను పోరాను, కానీ నా మనసంతా మెట్ల మీద లేదు. పాప కాళ్ల మీద ఉంది.

ఆ ఏడాది ఎట్లా గడిచిందో ఇప్పుడు చెప్పమంటే, భయం అంటే ఏమిటో చెప్పినట్టే అవుతుంది. జ్వరం వస్తే కనపడుతుంది. పాము వస్తే కనపడుతుంది. ఇది పాప ఒంట్లో ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఉంటే పాపతోపాటే పెరుగుతోంది. నేను పెట్టే నెయ్యి, పాలు పాపకే కాదు, దానికి కూడా. పాప పరుగెత్తితే దాని పిక్కల వైపే చూసేదాన్ని. ఒళ్లో పడుకుంటే కాళ్ల మీద అరచెయ్యి పెట్టి, చర్మం కింద ఏదైనా కదులుతుందా అని చూసేదాన్ని. పసిపిల్ల నరం కొట్టుకున్నా దీపం దగ్గర పెట్టుకొని చూసేదాన్ని.

ప్రతి ఆదివారం తలంటిపోసేటప్పుడు కాళ్లు వేలివేలికీ వెతికేదాన్ని. చీమ కుట్టినా, జొన్నమోడు గీసినా నాకు అదే. మొదట్లో పాపకు అది ఆటలాగా ఉండేది. సంక్రాంతి దాటాక ఒక రోజు అడిగింది.

“నా కాళ్లల్లో ఏముందమ్మా?”

“ఏం లేదు. ముల్లు గుచ్చుకుందేమోనని.”

“ముల్లయితే నాకు తెలీదా? నువ్వెందుకు ఏడుస్తాండావ్?”

“కుంకుడు కంట్లో పడింది.”

“నా తలకు పోస్తాంటే నీ కంట్లో ఎట్ల పడింది?” అని అది నవ్వింది. ఆ తెలివికి సంతోషపడాల్సిన తల్లినే నేను.

మార్చి, ఏప్రిల్ గడిచాయి. మే నెల చివర, ఒక మధ్యాహ్నం పాప ఆడుతూ ఆడుతూ వచ్చి కుడిపాదం పైన గోకింది. దురద అంది. మరునాటికి అక్కడ బొబ్బ. నేను దానిని చూస్తూ కూర్చున్నాను. ఏడాదిగా ఎదురుచూసింది వచ్చింది. ఆశ్చర్యం లేదు. మా అత్త వచ్చి చూసింది. పోయి తన పాత చీర తెచ్చి పట్టీలుగా చింపింది.

బొబ్బ చితికింది. తెల్లటి కొస వచ్చింది. మా ఆయన నంద్యాల పోయి డాక్టరమ్మను అడిగి వచ్చాడు. పొడిగా కట్టు కట్టాలి, నీళ్లు తగలనియ్యకూడదు, రోజుకు ఇంత అని మెల్లగా చుట్టాలి, తెంపకూడదు. కూర్చుని చేసే ఆ పని నాది. మా అత్త పాపను ఒళ్లో పెట్టుకొని రెండు చేతులా పట్టుకునేది. నేను పుల్ల తిప్పేదాన్ని. పురుగు సాగేది. సాగిన చోట దారం సన్నబడేది. ఇంకొంచెం తిప్పితే తెగుతుందేమో, తిప్పకపోతే లోపలికి పోతుందేమో. ఊపిరి బిగబట్టి ఆపేదాన్ని. మా ఊళ్లో కాలు వంకరపోయిన ఇద్దరూ మా వీధిలోంచే నడిచి పోయేవాళ్లు. వాళ్ల చప్పుడు వింటే పుల్ల ఇంకా మెల్లగా తిప్పేదాన్ని.

పాప అరుపులు ఊరంతా వినేది. అది అడిగేది ఒక్కటే.

“కాలు నీళ్లల్లో పెట్టమ్మా. ఒక్కసారి పెట్టమ్మా. మండుతాంది.”

చూడడానికి వచ్చిన ఆడవాళ్లలో ఒకామె అంది, “పాపం పసిబిడ్డ. ఒక్క గడియ బాయిలో కూచోపెట్టండి మే. బేగి దిగుతాది.”

“నీ నోరు మూసుకోని పో” అంది మా అత్త. ఆమె తన ఇంటికి వచ్చినవాళ్లను అట్లా అనడం నేను వినలేదు, అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ.

జూన్ మొదటి వారంలో ఒక మిట్టమధ్యాహ్నం. పాప నిద్రపోయిందని నేను దొడ్లో జొన్నలు చెరుగుతున్నాను. చేట పక్కన పెట్టి లోపలికి వచ్చి చూస్తే చాప ఖాళీగా ఉంది. పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. ఇంట్లో ఉన్న మూడు గదుల్లోనూ లేదు. అప్పుడు నాకు అర్థమైంది అది ఎక్కడికి పోయి ఉంటుందో. చెప్పులు వేసుకోకుండా పరుగెత్తాను. నేల కాలిపోతోంది. బావి గట్టు దగ్గరికి పోయేసరికి, మా అత్త పాపను చంకన వేసుకొని ఒక్కో మెట్టూ ఎక్కి వస్తోంది. ముసలి ప్రాణం. ఊపిరి ఈల వేస్తోంది. పాప ఆమె మెడ పట్టుకొని వెక్కుతోంది. కాలి కట్టు తడిసి ఉంది.

“పెట్టిందా?” అన్నాను.

“పెట్టలేదు.”

“కట్టు తడిసింది అత్తా.”

“బిందె నీళ్లు ఒలికినాయి.”

మెట్ల మీద ఎక్కడా బిందె లేదు. పాప ముఖం నా వైపు తిప్పి అడిగాను. అది తన జేజి వైపు, అంటే మా అత్త వైపు చూసి, “పెట్టలేదు” అంది.

మా అత్త పాపను నా చేతుల్లో పెట్టి గట్టు మీద కూర్చుంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు. నా తలలో మళ్లీ వేళ్ల మీద లెక్క మొదలైంది. ఈసారి అది ఒక్క బిడ్డ లెక్క కాదు. ఈ రోజు నుంచి ఈ నీళ్లు ఎవరెవరు తాగుతారో వాళ్లందరిది.

ఎండ వాలేసరికి బిందెలతో ఆడవాళ్లు రావడం మొదలైంది. మా అత్త గట్టు మీద నుంచి లేవలేదు. మొదటి మనిషి మెట్టు దిగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

“దిగొద్దు. ఈ నీళ్లు తాగొద్దు.”

“ఏమైందమ్మా?”

“మా పాప కాలు పెట్టింది. నారికురుపు కాలు. నీళ్లల్లో పురుగు పడింది.”

ఆమె అందరికీ వినపడేలా చెప్పింది. వెనక వచ్చినవాళ్లకు మళ్లీ చెప్పింది. “మా పాపే. మా ఇంటి పాపే. పోండి.” నంద్యాలకు పోయే సీసాలో నలుసు కనపడకూడదని రెండుసార్లు వడకట్టిన మనిషి, సగం ఊరు వింటుండగా ఆ మాట అంది. ఒకామె ఖాళీ బిందె ఎత్తి, “మీ బాయి నీళ్లు కుళాయి నీళ్లకంటే మేలంటివే?” అని వెటకారంగా అడిగింది. మా అత్త, “అంటిని. ఇప్పుడు కాదంటాండా. పో” అంది.

నేను పాపను ఎత్తుకొని పక్కనే నిలబడి ఉన్నాను. నాకు చెప్పింది నిజమో, వాళ్లకు చెప్పింది నిజమో నాకు తెలియలేదు. నన్ను కాపాడడానికి నాతో అబద్ధం ఆడి ఉండొచ్చు. వాళ్లను ఆపడానికి వాళ్లతో ఆడి ఉండొచ్చు. కాలు పడిందేమో అంటే ఎవరూ ఆగరు. పడింది అంటేనే ఆగుతారు. అది ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రమే ఆమె మా ఆయనతో, “గోడ కట్టల్ల, బేల్దారిని పిలుచు” అంది. నాలుగు ఎద్దులతో కపిల కట్టి, తోలుబానతో బావిని తోడేశారు. అడుగున సున్నం పోశారు. పై నుంచి మెట్ల మొదటి వరసకు నాపరాళ్లు అడ్డం పెట్టి గోడ లేపారు. గిలక పెట్టారు. ఆ పని సాగిన పది దినాలూ మా ఇంటి బండ్లే పక్క ఊరి నుంచి నీళ్లు తెచ్చి వీధిలో పోశాయి. బిందెల కోసం గొడవలు జరుగుతాయని మా అత్త చెప్పింది నిజమే. రోజూ జరిగాయి. ఆమే మధ్యలో కూర్చుని వరస పెట్టేది.

పాప పురుగు జూన్ నెలాఖరుకు మొత్తంగా, తెగకుండా దిగింది. చివరి కొస బయటికి వచ్చినప్పుడు నేను దాన్ని పొయ్యిలో వేసి, కాలేదాకా చూశాను. కాలు మీద అణా కాసంత మచ్చ మిగిలింది. నడక బాగుంది. డాక్టరమ్మ అన్నట్టే తాగిన అందరికీ రాలేదు, ఆ ఏడు ఊళ్లో లేచింది పాప ఒక్కదానికే.

అక్కడితో అయిపోవాలి. కాలేదు. గోడ లేవకముందు, సున్నం పడకముందు, ఆ మధ్యాహ్నం ఎవరైనా ఒక బిందె తీసుకుపోయి ఉంటే? మా అత్త గట్టు మీద కూర్చునే లోపల? తెల్లవారి ఊరి వాళ్లను అడిగితే ఎవరూ తీసుకుపోలేదన్నారు. అన్నారు, అంతే. 1957 ఏప్రిల్ నుంచి నేను ఊళ్లో ఎవరైనా కుంటితే చాలు, వెంటపడి చూసేదాన్ని. ముల్లు, బెణుకు, పగులు. కొందరు నన్ను చూసి దారి మార్చుకునేవాళ్లు.

మా ఇంట్లో కూడా ఆదివారాల వెతుకులాట ఆగలేదు. పాప కాళ్లు, మా ఆయన కాళ్లు. ఒక ఆదివారం మా అత్త పిలవకుండానే వచ్చి, నా ముందు పీట మీద కూర్చుని, చీర మోకాళ్లదాకా లాగి కాళ్లు చాపింది. నేను పండక్కి మొక్కే కాళ్లు అవి. వాటిని నా ఒళ్లో పెట్టుకొని, పగిలిన మడమలు, ఉబ్బిన నరాలు వేలితో తడిమి చూశాను.

“ఏమన్నా ఉందా?”

“లేదు.”

“ఇంగ ఎన్ని నెలలు చూడల్ల?”

“రెండు.”

ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఏడాదిగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

“ఆ రోజు పాప కాలు నీళ్లల్లో పడిందా అత్తా?”

ఆమె నా ముఖం వైపు చూసింది. “ఆ రెండు నెలలూ పోనియ్యి” అంది.

మేమిద్దరం ఆ రెండు నెలలూ ఎదురుచూశాం. జూలై వచ్చింది. ఊళ్లో ఎవరికీ బొబ్బ లేవలేదు. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. మరుసటి ఆదివారం కూడా వచ్చి పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. నేను చూశాను.